నిమ్మ, బత్తాయి గింజల్లో ఏముంది? విప్పి చూడటం, వాడుకోవడం, మొలకెత్తించడం

నిమ్మ జాతి పండ్ల గింజల గురించి ఫోన్లలో రెండు రకాల మాటలు తిరుగుతుంటాయి. గింజలు నమిలి మింగితే ఒంట్లో జబ్బులన్నీ పోతాయని ఒకటి. పొరపాటున ఒక్క గింజ మింగినా ప్రమాదమని ఇంకొకటి. రెండూ నమ్మదగ్గవి కావు. గింజలో నూనె ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, గట్టి చేదు ఉంది, వేళ్లకు అంటుకునే జిగురు ఉంది, అన్నిటికీ మించి ప్రాణం ఉంది. ఇవి గింజలో ఏ భాగంలో ఉంటాయో తెలిస్తే దేన్ని దాచుకోవాలో, దేన్ని పారేయాలో తెలిసిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ గింజను ఆహారంగా తినాల్సిన అవసరం లేదు. మార్మలేడ్ (నారింజ తొక్కలతో చేసే జామ్) గట్టిపడాలన్నా, పెరట్లో నిమ్మ మొక్క మొలవాలన్నా మాత్రం దీన్ని మించింది లేదు. అలా ఎందుకు అంటున్నానో వంటింట్లో ఉన్న వస్తువులతోనే మీరూ చూసుకోవచ్చు.

1. గింజలున్న పండ్లు తెచ్చుకోండి

పోలిక తెలియాలంటే కనీసం మూడు రకాలు కావాలి. మొదటిది నిమ్మ. గూడూరు, పొదలకూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్లకు వచ్చేది పలచటి తొక్క ఉన్న కాగ్జీ నిమ్మ. దానిలో చిన్న గింజలు దండిగా ఉంటాయి. రెండోది బత్తాయి. రాయలసీమలో చీనీ అంటారు. మన తోటల్లో ఎక్కువగా ఉండేది సాత్‌గుడి రకం, గింజలకు లోటుండదు. మూడోది కమలా. నాగపూర్ నుంచి వచ్చేది దొరికితే చాలు. పంపర పనస దొరికితే అదీ తీసుకోండి. ఈ నాలుగింటిలో పెద్ద గింజ దానిదే.

సూపర్ మార్కెట్లో కొనేటప్పుడు కాస్త చూసుకోవాలి. అడుగున బొడ్డులాంటి గుంట ఉన్న దిగుమతి ఆరెంజ్ నేవల్ రకం, దాంట్లో గింజలుండవు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు అక్కడి పెద్ద లైమ్‌లు కోసి "గింజే లేదేమిటి" అనుకుంటారు. అవి పర్షియన్ లైమ్‌లు. మామూలుగా రెండు సెట్లుండాల్సిన క్రోమోజోములు వాటిలో మూడు సెట్లుంటాయి కాబట్టి గింజ కట్టదు. అక్కడ చిన్న సైజు కీ లైమ్ అడగండి. మన కాగ్జీ నిమ్మ, అది ఒకే జాతివి.

పండు బాగా మాగి ఉండాలి. పచ్చి కాయలో గింజ ముదరదు. కోసేటప్పుడు కత్తిని నిలువునా దించకండి. చుట్టూ తొక్క మేరకు గాటు పెట్టి, రెండు చేతులతో మెలితిప్పి విడదీస్తే గింజలు తెగవు. చేదు పరీక్షకూ, మొలకకూ తెగని గింజే కావాలి.

2. కడిగి, నీళ్లలో వేయండి

గింజల్ని రకం వారీగా వేర్వేరు గిన్నెల్లో వేయండి. జిగురు గురించి తర్వాత చూడాలి కాబట్టి ప్రతి రకంలో సగం గింజల్ని కడగకుండా పక్కన పెట్టుకోండి. మిగతా సగాన్ని జల్లెడలో పోసి, వేళ్లతో రుద్దుతూ, జారుడు పోయేదాకా కడగండి.

కడిగినవాటిని ఒక గ్లాసు నీళ్లలో వేసి కాసేపు ఆగండి. లోపల పప్పు నిండుగా ఉన్నవి మునుగుతాయి. తేలినవి చాలావరకు తాలు గింజలు. ఒక తేలిన గింజను చిదిమి చూడండి, పొట్టు తప్ప లోపల ఏమీ కనపడదు. నారు పోసేవాళ్లు కూడా తేలిన గింజల్ని ఇలాగే తీసేస్తారు.

3. పొట్టు ఒలిచి, లోపల చూడండి

పైన కనపడే తెల్లటి పొట్టు గట్టిగా, చెక్కలా ఉంటుంది. ఒక కొస మొద్దుగా, ఒక కొస సన్నగా ముక్కులా ఉంటుంది. ఆ ముక్కు వైపు నుంచే వేరు బయటికి వస్తుంది. గోరుతో గానీ, గోళ్లు తీసుకునే కట్టర్‌తో గానీ ముక్కు చివర కొంచెం చిదిమితే పొట్టు పగులుతుంది. అక్కడి నుంచి వేరుశనగ కాయను ఒలిచినట్టు ఒలవండి. తడి గింజ జారిపోతుంది, పొడి గుడ్డలో పట్టుకుంటే తేలిక.

తెల్ల పొట్టు కింద గోధుమ రంగు పలచటి పొర ఇంకొకటి ఉంటుంది. మొద్దు కొస దగ్గర ఆ పొర మీద ముదురు రంగు మచ్చ కనిపిస్తుంది. తల్లిచెట్టు నుంచి గింజకు ఆహారం చేరింది అక్కడి నుంచే. ఆ పొరా తీసేస్తే మిగిలేది పప్పు. అసలు తేడాలు ఇక్కడే బయటపడతాయి. కమలా పప్పు పిస్తా రంగులో పచ్చగా ఉంటుంది. బత్తాయి పప్పు తెల్లగా ఉంటుంది. పంపర పనస పప్పూ తెలుపే, కానీ దాని పైపొట్టు మీద గీతలు గట్లు కట్టినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి. తొక్క తీసేసిన కమలాను, బత్తాయిని రుచి చూడకుండా ఒక్క గింజతో పోల్చుకోవచ్చు.

ఇప్పుడు నిమ్మ పప్పును పిన్నుతో మెల్లగా విడదీయండి. పెసరగింజలా చక్కగా రెండు బద్దలుగా రాదు. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న చిన్నాపెద్దా ముక్కలు కనిపిస్తాయి. అవి ఒక్క పిండం (మొలకగా మారే భాగం) తాలూకు ముక్కలు కావు. ఒకే గింజలో రెండు మూడు పిండాలు ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. నారింజ గింజలో ఈ వింతను 1719లోనే సూక్ష్మదర్శినితో చూసినవాడు డచ్ శాస్త్రవేత్త లీవెన్‌హుక్. మొలక దగ్గరికి వచ్చేసరికి మనకు పనికొచ్చే సంగతుల్లో ఇదే ముఖ్యమైనది. పంపర పనస గింజలో మాత్రం ఒకే పిండం, రెండు బద్దలు.

4. పోషకాల లెక్క

ఎండిన గింజ బరువులో రకాన్ని బట్టి 20 నుంచి 50 శాతం దాకా నూనె ఉంటుంది. దాంట్లో ఎక్కువ భాగం లినోలిక్ ఆమ్లం, పొద్దుతిరుగుడు నూనెలో ఉండేదే. తర్వాత ఒలియిక్, పామిటిక్ ఆమ్లాలు. మాంసకృత్తులు, పీచు కూడా ఉంటాయి. ఒలిచిన పప్పును తెల్ల కాగితం మీద పెట్టి గరిటె కాడతో నలిపి, కాగితాన్ని ఆరనిచ్చి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. నూనె మరక కనిపిస్తుంది.

వినడానికి బాగానే ఉంది. అయితే పరిమాణం కూడా చూడాలి. పది నిమ్మ గింజలు కలిపినా ఒక గ్రాముకు అటూ ఇటూ తూగుతాయి. పచ్చి గింజలో దాదాపు సగం నీరే. ఇక నూనె మిగిలేది ఎంత? గ్రాములో పావు వంతుకు మించదు. పోపులో వేసే చెంచాడు నూనె ముందు అది లెక్కలోకి రాదు. విటమిన్ సి కోసమైతే గింజ జోలికి పోనే అక్కర్లేదు, అది రసంలోనూ తొక్కలోనూ ఉంది. జ్యూస్ ఫ్యాక్టరీల్లో టన్నుల కొద్దీ గింజలు పోగుపడతాయి కాబట్టి నూనె తీయడం గిట్టుబాటవుతుంది. ఆ నూనె కూడా చేదుగా ఉంటుంది, శుద్ధి చేశాకే వాడకానికి వస్తుంది.

నూనె తీశాక మిగిలే పిండి సంగతి వింటే గింజలు నమలమనే సలహా విలువ తెలుస్తుంది. ఆ పిండి పందులకు, కోళ్లకు పెట్టడానికి పనికిరాదు. అందులోని చేదు పదార్థం వాటికి హాని చేస్తుంది. నెమరువేసే పశువులు కొంతవరకు తట్టుకుంటాయి.

5. చేదు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి

ఆ చేదు పదార్థం పేరు లిమోనిన్. 1841లో బెర్నేస్ అనే రసాయన శాస్త్రవేత్త నిమ్మ జాతి గింజల్లోనే దీన్ని గుర్తించాడు. దాని నిర్మాణం పూర్తిగా తేలేసరికి 1960 వచ్చింది. నోమిలిన్ అని దీనికి ఒక తోడు కూడా ఉంది. చెట్టు తన గింజను పురుగుల నోటికి చిక్కకుండా కాపాడుకోవడానికి వీటిని దాస్తుంది. పది లక్షల పాళ్ల రసంలో ఆరు పాళ్లు లిమోనిన్ ఉన్నా చాలు, మన నాలుక చేదును పసిగడుతుంది.

ఇంట్లో దీన్ని తేల్చుకోవడానికి మంచి పద్ధతి ఉంది. ఒకే లాటులోని బత్తాయిలు తీసుకుని మూడు గ్లాసుల రసం తయారు చేయండి.

మొదటి గ్లాసుకు పండును అడ్డంగా కోసి, చేత్తో తిప్పే ప్లాస్టిక్ పిండేదాని మీద మెల్లగా పిండి, వెంటనే రుచి చూడండి. రెండో గ్లాసుకు తొక్క, తెల్ల పీచు తీసేసిన తొనల్ని గింజలతో సహా మిక్సీలో తిప్పి, వడకట్టి రుచి చూడండి. మూడో గ్లాసుకు మొదటి పద్ధతిలోనే పిండి, మూతపెట్టి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి అప్పుడు తాగండి.

రెండో గ్లాసు అప్పటికప్పుడే చేదెక్కుతుంది. కారణం సూటిగానే ఉంది: గింజలో లిమోనిన్ తయారుగా ఉంది, బ్లేడు దాన్ని రసంలో కలిపేసింది. మూడో గ్లాసు విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గింజ నలగలేదు, అయినా చేదు వచ్చి ఉంటుంది. పండు గుజ్జులో లిమోనిన్‌కు ముందు రూపం ఒకటి ఉంటుంది, దానికి రుచి లేదు. పండు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు అది అలాగే ఉంటుంది. పిండేసరికి కణాలు పగిలి, రసంలోని పులుపుతో కలిసి, కొన్ని గంటల్లో లిమోనిన్‌గా మారిపోతుంది. వేడి చేస్తే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. బాగా మాగిన పండులో ఈ ముందు రూపం చాలావరకు చేదులేని ఇంకో పదార్థంగా మారిపోయి ఉంటుంది. అందుకని మూడో గ్లాసులో మీకు చేదు పెద్దగా తెలియకపోతే పండు బాగా ముదిరిందని అర్థం.

దీన్నిబట్టి వంటింట్లో మార్చుకోవాల్సినవి తేలిపోతాయి. బత్తాయి రసం మిక్సీలో వేయాలనుకుంటే గింజలు ముందే తీయాలి. పిల్లల స్కూల్ బాటిల్‌లో పొద్దున పోసిన బత్తాయి రసం మధ్యాహ్నానికి చేదెక్కితే పండును తిట్టుకోకండి, తాగే ముందు పిండుకోవడమే మందు. నిమ్మకాయ ఊరగాయకు ముక్కలు కోసేటప్పుడు కత్తి కింద తెగిన గింజల్ని తప్పకుండా ఏరేయాలి. ఒకటీ అరా గింజ తెగకుండా ఊరగాయలో పడితే కొంప మునగదు, తెగిన గింజే పచ్చడి మొత్తానికి చేదు పట్టిస్తుంది.

ఇక ఆరోగ్యం మాటకొస్తే, లిమోనిన్ లాంటి పదార్థాల మీద ప్రయోగశాలల్లో పరిశోధనలు జరుగుతున్న మాట నిజం. గాజు పళ్లెంలోని కణాల మీద చేసిన ప్రయోగం చూపించి, మనిషికి వచ్చిన జబ్బు తగ్గుతుందని చెప్పడం మాత్రం అన్యాయం. ముఖ్యంగా కేన్సర్ పేరుతో ఇలాంటివి ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. చికిత్స ఆలస్యమైతే పోయేది మనిషి ప్రాణం.

"గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం" పేరుతో సూక్ష్మక్రిములను చంపే చుక్కల మందులు కూడా అమ్ముతారు. 1999లో జర్మనీలో పరిశోధకులు బజారులో దొరికే ఆరు సారాలను పరీక్షించారు. ఐదింటికి క్రిముల్ని అడ్డుకునే శక్తి కనిపించింది. ఆ ఐదింటిలోనూ బెంజిథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ క్రిమినాశిని ఉంది. అలాంటి రసాయనాలేవీ కలవని ఆరోది పనిచేయలేదు. వాళ్లే స్వయంగా గింజల నుంచి తీసిన సారమూ పనిచేయలేదు. పని చేసింది గింజ కాదన్నమాట.

పొరపాటున ఒకటో రెండో గింజలు మింగితే? పొట్టు గట్టిది కాబట్టి అలాగే బయటికి పోతాయి. కడుపులో చెట్టు మొలుస్తుందని పిల్లల్ని బెదిరించకండి. మూడు నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజ తీసేశాకే తొనలు పెట్టాలి. అక్కడ భయం పొట్ట గురించి కాదు, జారుడు గింజ గొంతుకు అడ్డం పడటం గురించి.

6. జిగురును తీయండి, మార్మలేడ్‌కు వాడండి

కడగకుండా పక్కన పెట్టిన గింజలు ఇప్పుడు తీయండి. రెండు చెంచాల గింజలకు పావు గ్లాసు నీళ్లు పోసి రాత్రంతా మూతపెట్టండి. పొద్దున చెంచా ముంచి ఎత్తితే నీళ్లు గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతాయి. గింజ పైపొర నుంచి ఊరిన పెక్టిన్ అది. జామ్‌ను గట్టిపరిచే పదార్థం ఇదే.

అది పెక్టినే అని నిర్ధారించుకోవాలంటే, ఆ నీళ్లు ఒక చెంచా గాజు గిన్నెలో తీసుకుని, మూడు చెంచాల సర్జికల్ స్పిరిట్ అంచు వెంట పోసి, కదపకుండా నిమిషం ఆగండి. పెక్టిన్ దండిగా ఉంటే నీళ్లు గడ్డగా కలిసిపోయి ఫోర్క్‌తో ఎత్తితే ఊడి వస్తాయి. తక్కువుంటే చిన్న చిన్న పోగులు మాత్రమే కడతాయి. ఈ పరీక్ష చేసిన దాన్ని రుచి చూడకూడదు, సింకులో పారబోయండి. పొయ్యికి దూరంగా చేయండి, స్పిరిట్ అంటుకుంటుంది.

బ్రిటన్‌లో మార్మలేడ్ చేసేవాళ్లు స్పెయిన్‌లోని సెవిల్ పుల్ల నారింజల్ని తెప్పించుకుని, వాటి గింజల్ని గుడ్డలో మూటకట్టి తొక్కతో పాటు ఉడికిస్తారు. పులిహోరకు వాడే మన పుల్ల నారింజ దొరికితే దానితో అదే పని చేయొచ్చు. అర కిలో కాయలకు ఇలా:

కాయల్ని గోరువెచ్చటి నీళ్లలో రుద్ది కడగండి. రసం పిండి ఉంచుకోండి. గింజలు, తొనల మధ్య పొరలు అన్నీ కలిపి పలచటి నూలు గుడ్డలో వదులుగా మూటకట్టండి. తొక్కను సన్నగా తరగండి. రసం, తొక్క, మూట, లీటరుంబావు నీళ్లు కలిపి రాత్రంతా నానబెట్టండి. మర్నాడు సన్నని సెగ మీద, తొక్క వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించండి. గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. తొక్క మెత్తబడకముందే చక్కెర వేస్తే ఇక అది మెత్తబడదు. చల్లారాక మూటను గిన్నె మీదే గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి చిక్కటి జిగురు జారుతుంది. అది పూర్తిగా దిగేదాకా పిండాలి, గట్టిపడేది దానివల్లే. తర్వాత కిలో చక్కెర వేసి, కరిగాక సెగ పెంచి మరిగించండి. థర్మామీటర్ ఉంటే 104, 105 డిగ్రీల దగ్గర దించాలి. లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టిన పళ్లెం మీద చుక్క వేసి, నిమిషం తర్వాత వేలితో నెట్టండి. పైన ముడత పడితే అయినట్టే.

బత్తాయితో చేస్తే పులుపు చాలదు. పులుపు లేకుండా పెక్టిన్ గట్టిపడదు కాబట్టి రెండు మూడు నిమ్మకాయల రసం కూడా పోసి, వాటి గింజలు మూటలో కలపండి. ఇంత ఉడికించినా గింజల చేదు మొత్తం దిగదా అని సందేహం రావచ్చు. గింజ నలగలేదు, లిమోనిన్ నీళ్లలో సులువుగా కరగదు, అందువల్ల దిగేది కొంతే. ఆ కొంత చేదు మార్మలేడ్‌కు ఉండాల్సిన రుచే.

7. మొలకెత్తించండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కందులు, పెసలు దాచినట్టు నిమ్మ గింజల్ని ఎండబెట్టి డబ్బాలో పోసి, తొలకరికి నాటుతారు, ఒక్కటీ మొలవదు. ఈ గింజలకు ఎండటం పడదు. తేమ పోతే లోపలి పిండం చచ్చిపోతుంది. పండు కోసిన రోజే విత్తడం అన్నిటికంటే మంచిది. కుదరకపోతే బాగా కడిగి, నీడలో పైతడి మాత్రం ఆరనిచ్చి, కాస్త తడి ఉన్న కాగితంలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. కొన్ని వారాలు ఆగుతాయి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి.

మామూలు తోట మన్ను, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు సమపాళ్లలో కలిపి, అడుగున కన్నాలున్న కుండీలో నింపండి. మునిగిన గింజల్నే తీసుకోండి. జిగురు మిగిలితే బూజు పడుతుంది, మళ్లీ ఒకసారి కడగండి. ఓపిక ఉంటే తెల్ల పొట్టు ఒలిచి నాటండి. నీరు లోపలికి పోవడానికి అడ్డుండేది ఆ పొట్టే, అది తీస్తే మొలక ముందే వస్తుంది. ముక్కు కొస కిందికి ఉండేలా గానీ, పక్కకు పడుకోబెట్టి గానీ సెంటీమీటరు లోతున పెట్టి మన్ను కప్పండి. చెమ్మ ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. 25 నుంచి 30 డిగ్రీల వేడిలో రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. చలికాలంలో ఇంకా ఆలస్యం, మన దగ్గర వానాకాలం అనువైనది.

చిక్కుడు మొలిచినప్పుడు బద్దలు పైకి లేస్తాయి కదా, నిమ్మలో అలా లేవవు. అవి మన్నులోనే ఉండిపోయి, సన్నటి కాడ మాత్రం పైకి వస్తుంది. ఆ మొలక పక్కనే కొన్నాళ్లకు ఇంకొకటి, కొన్నిసార్లు మూడోది కూడా లేస్తుంది. రెండు గింజలు వేశామేమో అనుకుని కంగారు పడకండి. ఇందాక పిన్నుతో విడదీసి చూసిన పిండాలే ఇవి.

వీటిలో దేన్ని ఉంచాలన్నది ముఖ్యం. గింజలోని పిండాల్లో ఒకటి పుప్పొడితో కలిసి ఏర్పడింది. మిగతావి తల్లిచెట్టు కణాల నుంచే నేరుగా పుట్టినవి, అంటే తల్లికి అచ్చు నకళ్లు. సాధారణంగా నకళ్లే బలంగా, ఒకే తీరుగా పెరుగుతాయి. అందుకని పొట్టిగా, వంకరగా, ఆకు తీరు వేరుగా ఉన్నవాటిని తీసేసి, బలమైన మొక్కను ఉంచుకోండి. మన రైతులు తరతరాలుగా నిమ్మను గింజ నారుతోనే పెంచినా రకం చెదరకుండా నిలవడానికి కారణం ఇదే. చెట్టును ఎండబెట్టే ట్రిస్టెజా వైరస్ గింజ ద్వారా రాదు, అదొక అదనపు లాభం. పంపర పనసకు ఈ సౌకర్యం లేదు. దాని ఒక్క పిండమూ పుప్పొడి కలిసిందే కాబట్టి, గింజ వేస్తే ఏ రుచి కాయ వస్తుందో ముందు చెప్పలేం. మంచి పంపర పనస కావాలంటే అంటు మొక్కే కొనండి.

8. మొక్కను కాపాడండి

నారు మొదటి నెలలో పోయేది ఎక్కువగా నీళ్ల వల్లే. మొదలు దగ్గర మెత్తబడి వాలిపోతే అది నారుకుళ్లు. నీళ్లు తగ్గించి గాలి తగిలేచోటికి మార్చండి. నాలుగైదు ఆకులు వచ్చాక విడి సంచుల్లోకి మార్చుకోవచ్చు.

ఆకుల మీద పిట్ట రెట్టలాంటిది కనిపిస్తే దగ్గరికెళ్లి చూడండి. కదిలితే అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల పురుగు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి, ఒకట్రెండు రోజుల్లో చిన్న మొక్కను మోడు చేసేస్తుంది. కుండీలో మొక్కలైతే చేత్తో ఏరేస్తే చాలు, మందు కొట్టాల్సిన పని లేదు.

గింజ మొక్కకు ముళ్లు ఎక్కువ, కాపు ఆలస్యం. నిమ్మకు నాలుగైదేళ్లు పట్టవచ్చు, బత్తాయికి ఇంకా ఎక్కువ. బత్తాయి తోట వేసే రైతులు అందుకే రంగపూర్ నిమ్మ గింజలతో నారు పోసి, దాని మీద సాత్‌గుడి మొగ్గను అంటుకడతారు. రంగపూర్ గింజలోనూ తల్లికి నకళ్లైన పిండాలే ఎక్కువ, అందువల్ల వేరు కోసం పెంచే ఆ మొక్కలన్నీ ఒకే తీరుగా వస్తాయి. మీ కుండీలోని నిమ్మ మొక్క పెన్సిల్ మందానికి వచ్చాక, ఎండ బాగా తగిలే చోట, నీరు నిలవని నేలలో, వానలు మొదలయ్యాక నాటండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోయకండి, కాండం తడిలో నానితే బంక కారి కుళ్లుతుంది.